నాలుగో గడి

మా ఇంట్లో పుస్తకాల బీరువా పక్కన, మేకుకి దారంతో కట్టిన ఒక నోటుపుస్తకం వేలాడుతూ ఉంటుంది. పాలలెక్క రాసుకునే పుస్తకం లాంటిదే. మొదట్లో అందులో మూడు గడులే గీశాను: పుస్తకం, ఎవరికి, ఎప్పుడు. పుస్తకం తిరిగొచ్చాక ఆ వరస మీద అడ్డంగా గీత కొట్టేదాన్ని. నాలుగో గడి చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. అదెందుకు గీయాల్సి వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

చెయ్యి దాటిన పుస్తకం తిరిగిరాదని పెద్దలు అంటూ ఉంటారు. తెనాలి దగ్గర మా ఊళ్లో, నేను పెరిగిన వీధిలో, ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. అయిదిళ్లకి కలిపి రెండు పత్రికలు వచ్చేవి. పొద్దున కొన్నవాళ్లింట్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో, దీపాలవేళకి పక్కింట్లో. సీరియల్ అయిపోయాక ఆ పేజీలు విప్పి, వరసగా పేర్చి, అట్ట వేసి బైండు చేయించేవాళ్లు. యద్దనపూడి ‘సెక్రటరీ’నీ, రంగనాయకమ్మ ‘బలిపీఠా’న్నీ నేను మొదట చూసింది అలా కుట్టించిన ప్రతుల్లోనే. పేజీ వెనక సగం వంట చిట్కాలు, సగం సబ్బు ప్రకటన ఉండేవి. ఆ ప్రతి అసలు ఏ ఇంటిదో కొన్నాళ్లకి ఎవరికీ గుర్తుండేది కాదు. సాయంత్రం అరుగుల మీద జయంతి గురించీ, రాజశేఖరం గురించీ మాటలు నడుస్తుంటే, వాళ్లు మా బంధువులేమో అనుకునేదాన్ని. జయంతి అంత పంతానికి పోకుండా ఉండాల్సిందని ఒకరు, పంతం పట్టబట్టే అది మనిషయిందని ఇంకొకరు. ఆ వాదనలు వింటూ పెరగడం వల్ల, చదవడం అంటే పదిమందితో కలిసి చేసే పని అనే నాకు మొదటినుంచీ తెలుసు.

అయితే కలిసి చదవడం వేరు, నాకు ప్రాణమైన పుస్తకాన్ని ఒకరి చేతిలో పెట్టడం వేరు. ఈ తేడా నాకు గుంటూరు హాస్టల్లో తెలిసింది. డిగ్రీ రెండో ఏడు బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ చదివి నాలుగు రోజులు సరిగా నిద్రపోలేదు. తల్లి మీద లోకం వేసిన మచ్చని బతుకంతా మోస్తూ తిరిగే దయానిధి నాకు చాలా దగ్గరివాడనిపించాడు. నా పక్క మంచం అమ్మాయి చేతిలో ఆ పుస్తకం పెట్టి, పూర్తిచేసిందాకా రోజూ అడిగాను. కోమలి దగ్గరికొచ్చావా, అమృతం దగ్గరికొచ్చావా అని వెంటపడ్డాను. చివరికి ఒక రాత్రి ఆ అమ్మాయి పుస్తకం నా దిండు పక్కన పెట్టింది. “బాగా రాశాడే. కానీ దయానిధికి అన్నం ఉంది. మా ఇంట్లో అదే లేదు. అతని బాధ నాకు ఎక్కట్లేదు” అంది.

నాకు చాలా కష్టం వేసింది. పుస్తకాన్ని కాదంటే నన్ను కాదన్నట్టే తోచింది. రెండు వారాల తర్వాత సెలవులకి ఊరెళ్లి వచ్చినప్పుడు ఆ అమ్మాయి వాళ్ల ఊరి గ్రంథాలయం నుంచి ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ తెచ్చి నాకిచ్చింది. ఏ మాటా చెప్పలేదు, చదవమని కూడా అనలేదు. 1922లో అచ్చయిన నవల అది. ఉన్నవ దాన్ని జైల్లో రాశారు. అప్పటి ప్రభుత్వం నిషేధించింది. రామదాసు కుటుంబం, సంగదాసు, కూలి గింజల కోసం పడే తగువులు, పొలాల మీద ఎవరి కష్టం ఎవరి గాదెకి చేరుతోందన్న లెక్క, వీటన్నిటి మధ్య ఆ అమ్మాయి ఆ రాత్రి అన్న మాట నాకు అర్థమయింది. నేను నా పుస్తకంతో నా మనసు చూపించుకున్నాను. తను తన పుస్తకంతో తన ఇల్లు చూపించింది. నవల ఇచ్చినప్పుడు మనం చేసేది ఇదేనని అప్పటినుంచీ అనుకుంటున్నాను. నోటితో చెప్పుకోలేని సంగతి ఒకటి మనలో ఉంటుంది. దాన్ని ఇంకొకరు అప్పటికే రాసిపెట్టారు కాబట్టి, ఆ పుస్తకం చేతిలో పెట్టి ఊరుకుంటాం.

స్వీయచరిత్రల సంగతి ఇంకోలా ఉంటుందని నాకు కాకినాడలో తెలిసింది. 1987లో బ్యాంకు ఉద్యోగంలో చేరిన కొత్త. మా బ్రాంచిలో పెద్దాయన ఒకరు క్యాష్ కౌంటర్లో కూర్చునేవారు. నేను చదువుతానని తెలిసి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ పాత ప్రతి ఒకటి గుడ్డసంచిలో పెట్టి తెచ్చిచ్చారు. “ఒక్కరే చదివేసి ఇచ్చేయకండి అమ్మా. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే పైకి చదివి వినిపించండి. అప్పుడే ఇది చదివినట్టు” అన్నారు.

మా నాన్నగారు అప్పుడు నా దగ్గరే ఉండేవారు. రాత్రి భోజనాలయ్యాక రోజుకి పది పేజీలు చదివేదాన్ని. శ్రీపాద 1891లో తూర్పుగోదావరి పొలమూరులో, నిప్పులు కడిగే వైదిక కుటుంబంలో పుట్టారు. సంస్కృతం తప్ప తెలుగు ఒక చదువే కాదనుకునే ఇంట్లోంచి వచ్చి, తెలుగులోనే కథలు రాస్తానని నిలబడ్డారు. ఆయన తెలుగు పండితుల తెలుగు కాదు. లోగిళ్లలో, పెరళ్లలో, ఆడవాళ్ల నోట ఆడే నుడి అది. పైకి చదివితే ఆ వాక్యాలు కాగితం మీద ఉండవు, గదిలో తిరుగుతాయి. చదువుతుంటే మా నాన్నగారు చెయ్యెత్తి ఆపేవారు. “ఆ మాట మళ్లీ చదువమ్మా. మా అమ్మ అచ్చం ఇలాగే అనేది” అనేవారు. అక్కణ్ణించి పుస్తకం పక్కకి పోయేది. మా నాయనమ్మ చల్దన్నం ఎలా కలిపేదో, ఏ మేనమామ ఎవరి మీద అలిగి పెళ్లిపందిట్లోంచి లేచిపోయాడో, వాగు పొంగితే బడికి ఎలా వెళ్లేవారో, ఒక్కొక్కటే వచ్చేవి. పాతికేళ్లు ఆయన కూతురిగా ఉన్నా నాకు తెలియని సంగతులవి. ఆ పుస్తకం పూర్తయ్యేసరికి నాకు రెండు స్వీయచరిత్రలు తెలిశాయి.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఈ మాట చెబితే క్యాషియర్ గారు తలూపారు. “మనిషి తన కథ చెప్పడం మొదలుపెడితే పక్కవాడు ఊరికే కూచోలేడమ్మా” అన్నారు. ఆ సంవత్సరమే నోటుపుస్తకం కొన్నాను.

1994లో ఒంగోలు బదిలీ. బ్యాంకు ఎదురు సందులో ఒకావిడ మెస్ నడిపేది. భర్త పోయాడు. ఇద్దరు కొడుకులు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, రాత్రికి చపాతీ, అన్నీ ఆవిడే. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. నేను భోంచేస్తూ పుస్తకం తెరిచి పెట్టుకోవడం చూసి ఒకరోజు, “ఏం పుస్తకం మేడమ్‌గారూ?” అంది. టంగుటూరి ప్రకాశం గారి ‘నా జీవిత యాత్ర’. జిల్లాకి ఆయన పేరే ఉంది కాబట్టి పేరు ఆవిడకి తెలుసు. బస్సు బోర్డుల మీద రోజూ చూసే పేరే. ఆయన చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఇదే ఒంగోల్లో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని పెంచిందని మాత్రం ఆవిడకి తెలియదు. ఆ సంగతి చెప్పాను. గరిటె చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయింది. “ఏదీ, ఎక్కడుంది ఆ ముక్క?” అంది.

పుస్తకం నెల రోజులు మెస్‌లో ఉంది. తిరిగొచ్చినప్పుడు మొదటి పేజీల అంచుల మీద పసుపు మరకలు, ఒకచోట నూనె చుక్క. తర్వాతి పేజీలు తెల్లగా ఉన్నాయి. బారిస్టరు చదువు, మద్రాసు హైకోర్టు, సైమన్ కమిషన్ నాటి రోజులు, 1953లో ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి కావడం, అవేవీ ఆవిడకి అక్కర్లేకపోయాయి. చదివింది తల్లి వంట చేసిన రోజుల గురించే, మళ్లీ మళ్లీ. “మా పెద్దోడికి చదివి వినిపించానమ్మా. హోటలు పెట్టుకున్న అమ్మ కొడుకని బళ్లో ఎవరో అన్నారంట, నెల్నుంచీ ముభావంగా ఉన్నాడు. ఇప్పుడు వాడే వడ్డనకొస్తున్నాడు” అంది.

అంతవరకూ పుస్తకం పూర్తిగా చదవనివాళ్లంటే నాకు కొంచెం చులకన ఉండేది. ఆ రోజుతో పోయింది. ఇరవై పేజీలు చదివి ఒక మనిషి తనకి కావాల్సింది తీసుకుంటే, ఆ మనిషి పుస్తకం చదివినట్టే. గీత కొట్టబోతూ ఆగిపోయాను. తిరిగొచ్చిందని గీత కొట్టేస్తే ఈ మాటంతా ఎక్కడికి పోతుంది? స్కేలు తెచ్చి నాలుగో గడి గీశాను. పైన ‘ఏమన్నారు’ అని రాశాను. ఆ పసుపు మరకల పేజీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఆ గడి వచ్చాక పాత వరసలు చూసుకుంటే నాకే నచ్చలేదు. ఎంతమందికి ఇచ్చానో ఉంది, ఎవరు ఏమన్నారో ఎక్కడా లేదు. పుస్తకాలు పంచడం అంటే నా ఇష్టాన్ని పదిమంది చేత ఒప్పించడం అనే ధోరణిలో కొన్నేళ్లు గడిచిపోయాయి. అప్పట్నించి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పుస్తకం ఇచ్చేటప్పుడు కథ చెప్పను. “మీకు బాగా నచ్చుతుంది” అని కూడా అనను. నాకు ఎందుకు కావాల్సివచ్చిందో ఒక్క మాట చెబుతాను. ఇచ్చాక చదివారా అని అడగను. చెప్పాలనిపించిన రోజున వాళ్లే చెబుతారు.

2003లో నిజామాబాద్ వెళ్లాక ఆ ఓపికకి ఫలితం కనిపించింది. డాక్టర్ కేశవరెడ్డి ఆ రోజుల్లో దగ్గర్లోనే, డిచ్‌పల్లిలో, కుష్ఠురోగుల ఆస్పత్రిలో పనిచేసేవారు. పుట్టింది చిత్తూరు జిల్లాలో. జీవితమంతా వైద్యం చేసింది ఇందూరు, అంటే ఈ నిజామాబాద్, నేల మీద. రాసింది మాత్రం ఎక్కువగా తన చిత్తూరు పల్లెల గురించి. ఆయన ‘అతడు అడవిని జయించాడు’ చిన్న నవల, ఒక్క బిగిన అయిపోతుంది. ఇల్లు చేరని పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి వెళ్తాడు. కథంతా అక్కడే నడుస్తుంది. అతనికి పేరు కూడా ఉండదు. ఆ పుస్తకాన్ని మా బ్రాంచి అటెండరు నా బల్ల మీద చూసి, అట్ట మీది బొమ్మ చూస్తూ నిలబడితే, తీసుకెళ్లమని ఇచ్చాను.

రెండు నెలలు ఏ మాటా లేదు. నేనూ అడగలేదు. ఒక శనివారం అందరూ వెళ్లిపోయాక, షట్టరు దించేముందు వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టాడు. “మా నాయిన గొర్లు కాసిండు మేడం. ఓ పారి ఈననీకి వచ్చిన గొర్రె మంద ఎంబడి రాలే. తెల్లార్లు గుట్ట పొంటి తిరిగిండు. నేను చిన్నోన్ని, ఎంబడి పోయిన. భయమైంది గానీ నాయిన చెయ్యి ఇడ్వలే. గా ముచ్చట యాదికే లేకుండె. గీ బుక్కు సదివినంక మొత్తం యాదికొచ్చింది” అన్నాడు.

చిత్తూరు అడవి, ఇందూరు గుట్ట. అక్కడ పంది, ఇక్కడ గొర్రె. మధ్యలో ఎంతో దూరం, వేరే యాస. నవల మన గురించి చెప్పుకోవడానికి, స్వీయచరిత్ర ఎదుటివాళ్ల చేత చెప్పించడానికి అని నేను వేసుకున్న విభజన ఆ సాయంత్రం నిలవలేదు. నిజాయితీగా రాసిన నవల కూడా ఎదుటి మనిషి జ్ఞాపకాన్ని నిద్రలేపుతుంది. తేడా ఒక్కటే అనిపిస్తుంది. స్వీయచరిత్ర “నాకిలా జరిగింది, మరి మీకు?” అని నేరుగా అడుగుతుంది. నవల అడగదు, తోడు నడుస్తుంది. కొంతదూరం పోయాక మనిషి తనంతట తనే నోరు విప్పుతాడు.

మన ప్రాంతాల్లో పుస్తకం ఎప్పుడూ మనిషి చేతుల మీదే నడిచింది. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో మా కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం తిరిగింది. పడవ ఒడ్డుకొస్తే రేవులోనే పుస్తకం తీసుకునేవాళ్లు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చువేసిన పుస్తకాల్ని తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాశారు. జనం చేతికి పుస్తకం అందించినవాడు కాబట్టే ఆయన వాక్యంలో అంత జనం ఉన్నారని నాకు నమ్మకం. ఇప్పుడు మా మేనకోడలు డల్లాస్ నుంచి వచ్చి వెళ్లేటప్పుడు, సూట్‌కేసుకి 23 కిలోల లెక్కలో ఆవకాయ కొంత తగ్గించి మహీధర రామమోహనరావు ‘కొల్లాయిగట్టితేనేమి’ పెట్టుకుంటుంది. ఆ ప్రతి అక్కడ నాలుగిళ్లు తిరిగిందట. 1920ల నాటి కోనసీమ గురించి ఆ నాలుగిళ్లవాళ్లూ ఒక రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నారట. మా వీధి అరుగులు అంతదూరం సాగాయని సంతోషించాను.

నేను నా చేతులతో ఎక్కువసార్లు కొన్న పుస్తకం కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’. 2012లో వచ్చింది. అప్పటికి ఆవిడ వయసు తొంభై దాటింది. ఊహ తెలియకముందే పెళ్లి, ఆ వెంటనే వైధవ్యం. కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం. కమ్యూనిస్టు పార్టీ కోసం పాటలు, నాటకాలు, అజ్ఞాతవాసం. తర్వాత భర్త విడిచి వెళ్లడం. పెద్దయ్యాక మళ్లీ చదువు, కాకినాడలో హాస్టల్లో ఉద్యోగం. ఎదిగిన బిడ్డలిద్దరినీ పోగొట్టుకోవడం. ఇందులో ఏ ఒక్కటైనా ఒక మనిషిని కూల్చడానికి సరిపోతుంది. ఆవిడ ఏ ఒక్కరినీ తిట్టకుండా, తన మీద తను జాలిపడకుండా, పక్కింటి పిన్నిగారు కూరగాయలు తరుగుతూ చెబుతున్నట్టు చెప్పుకుపోయారు. 2018లో, నూరేళ్లు నిండిన ఏడాదే వెళ్లిపోయారు.

విజయవాడలో ఉండగా ఆ పుస్తకాన్ని మా మేనత్తకి ఇచ్చాను. అత్తయ్య అప్పటికి ఎనభైకి దగ్గరపడుతోంది. భక్తి పుస్తకాలు తప్ప వేరేవి ముట్టుకునేది కాదు. “ఏమిటే ఇది, రాజకీయాలా?” అని పక్కన పెట్టింది. వారం తర్వాత వెళ్తే కళ్లజోడు ఆ పుస్తకం మీదే ఉంది. నాకు కాఫీ కలిపిచ్చి, ఎదురుగా పీట వేసుక్కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

“మా పెద్దనాన్న కూతురొకత్తి ఉండేదే” అని మొదలుపెట్టింది. పదేళ్లకి భర్త పోయాడు. ఎప్పుడూ చూడని భర్త. జుట్టు తీసేశారు. వెనక వసారాలో చిన్న గది. ఇంట్లో అందరికంటే ముందు లేచేది, అందరి తర్వాత తినేది. పిల్లలందరికీ గోరింటాకు రుబ్బిపెట్టేది, తన చేతికి అంటిన ఎరుపుని బూడిదతో తోముకునేది. అత్తయ్య చిన్నప్పుడు ఆమె పక్కనే పడుకునేదట. పెద్దయి కాపురానికి వెళ్లాక ఒక్కసారి కూడా ఆమె గురించి ఎవరినీ అడగలేదట. “ఎలా పోయిందో కూడా నాకు తెలీదే. కోటేశ్వరమ్మ గారికి మళ్లీ పెళ్లి చేసినవాళ్లు ఉన్నారు. మా వాళ్లలో ఒక్కరికీ ఆ ఆలోచనే రాలేదు. నాకూ రాలేదు” అంది. అప్పుడు ఆమె పేరు చెప్పింది. మా కుటుంబంలో ఆ పేరు నేను వినడం అదే మొదలు. తాతముత్తాతల పేర్లన్నీ తద్దినాల్లో చెప్పుకుంటాం, ఆ పేరు ఏ నోటా రాలేదు. అత్తయ్య రెండుసార్లు పలికింది, నేను మర్చిపోతానేమో అన్నట్టు. ఇంటికొచ్చి నాలుగో గడిలో ఆ పేరొక్కటే రాశాను. ఇంకేమీ రాయలేదు.

పుస్తకం అడగలేదు. అత్తయ్య దగ్గరే ఉంచుకోమన్నాను.

మూడేళ్ల క్రితం అత్తయ్య పోయింది. పన్నెండో రోజు భోజనాలయ్యాక, ఆవిడ గదిలో సామాన్లు సర్దుతూ అల్మారాలో చూశాను. భాగవతం ఉంది, లలితాసహస్రం ఉంది, పాత పంచాంగాలు ఉన్నాయి, ‘నిర్జన వారధి’ లేదు. పక్కవాటాలో అద్దెకుండే అమ్మాయి గిన్నెలు అందిస్తూ నేను వెతకడం చూసింది. “ఆ పుస్తకమా ఆంటీ? పెద్దమ్మగారు నాకిచ్చారు. చదివి మీ అక్కకివ్వు అన్నారు. మా అక్కకి ఇచ్చాను. తెప్పించమంటారా?” అంది.

వాళ్ల అక్క సంగతేమిటో నేను అడగలేదు. అత్తయ్యకి తెలిసే ఉంటుంది. తెప్పించొద్దన్నాను.

ఇంటికొచ్చి మేకు మీద నోటుపుస్తకం తీశాను. ఆ వరస అలాగే ఉంది. పుస్తకం పేరు, ‘అత్తయ్య’, తేదీ, నాలుగో గడిలో ఒక పేరు. గీత కొట్టలేదు. ఎప్పటికీ కొట్టను. మర్నాడు ఏలూరు రోడ్డుకి వెళ్లి ఇంకో ప్రతి కొనుక్కొచ్చాను. ఎవరికి ఇవ్వాలో ఇంకా తెలియదు. బీరువాలో, అందడానికి వీలుగా ఉండే అరలో పెట్టాను.